ప్రాసెసర్‌కి ముఖం ఎటువైపు?

మా అక్క ఉద్యోగం మానేసిన రోజు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ ఏడుద్దామనే కూర్చుంది గానీ సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత వేసింది. లేచి వెళ్ళి పప్పు ఎనిపి వచ్చేసరికి ఏడుపు వాయిదా పడింది.

అక్క పని ఏమిటంటే, ఇంకా కట్టని ఇళ్ళను కట్టేసినట్టు చూపించడం. గోడలు, మెట్లు, కిటికీలోంచి సోఫా మీద పడే ఎండ, అన్నీ కంప్యూటర్లో తయారుచేసి, ఆ ఇంట్లో మనమే నడుస్తున్నట్టు వీడియో తీస్తుంది. అబద్ధమే, కాకపోతే ప్లాను ప్రకారం చెప్పే అబద్ధం. ఇన్నాళ్ళూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఊరికి ఆ చివర ఉన్న ఒక కంపెనీకి వెళ్ళి ఆ అబద్ధాలు చెప్పి వచ్చేది. ఇకమీదట ఇంట్లోంచే, సొంతంగా చెప్పాలని నిర్ణయించుకుంది.

మొదటి బేరం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేకపోయింది. కింది అంతస్తులో మా ఇంటి ఓనరు ఉంటాడు. వాళ్ళది సరూర్‌నగర్‌లో పాత వ్యవసాయ కుటుంబం. వాళ్ళ నాన్న వరి పండించాడు, ఈయన విల్లాలు పండిస్తున్నాడు. నాదర్‌గుల్ దగ్గర కొత్త వెంచర్ వేస్తూ, ఒకరోజు మెట్ల మీద అక్కను ఆపాడు.

"బిడ్డా, నువ్వు గా బొమ్మలిండ్లు జేస్తవంట గద. మా వెంచర్‌ది జేసి సూపియ్యి. ఈ ఆదివారం కాదు, గా పై ఆదివారం మా పార్ట్‌నర్లు దావత్‌కొస్తున్రు. ఆళ్ళకు నచ్చితే పనంత నీదే. నచ్చకుంటే ఏమనుకోకు, వేరేటోళ్ళకిస్త."

ఏమీ అనుకోకుండా ఉండటానికి అక్క దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆఫీసు కంప్యూటర్ ఆఫీసులోనే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నది నా పాత ల్యాప్‌టాప్. అందులో అక్క సాఫ్ట్‌వేర్ తెరవగానే ఫ్యాను పెట్టిన గోల విని, నాదర్‌గుల్‌లో పైలట్ పని నేర్చుకునే పిల్లల విమానం దారి తప్పి మన డాబా మీద దిగుతోందేమోనని అమ్మ బయటికి వెళ్ళి పైకి చూసి వచ్చింది. కాబట్టి సంగతి సూటిగా ఉంది. ఆ ఆదివారంలోగా గట్టి కంప్యూటర్ ఒకటి తయారై, అందులో వీడియో తయారైతే అక్క తన కాళ్ళ మీద తాను నిలబడినట్టు. లేకపోతే మళ్ళీ మెట్రోలో నిలబడాలి.

విడిభాగాలు ఎంచుకునే బాధ్యత నేను తీసుకున్నాను. ఈ విషయంలో నాకు మంచి పట్టుంది. అంటే, చాలా వీడియోలు చూశాను.

"రెడీమేడ్‌గా దొరకదా ఏంటి? టీవీ కొన్నట్టు కొనుక్కోక ఈ ముక్కలు ముక్కలుగా ఏరడమేంటి?" అంది అమ్మ. అమ్మది గుంటూరు వైపు. హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ యాస సూట్‌కేసులోంచి ఇంకా పూర్తిగా బయటికి తీయలేదు, మడత నలగలేదు.

"నువ్వు జాకెట్లు రెడీమేడ్ కొంటావా?"

"ఛ, నాకు పట్టవు."

"అక్కకీ పట్టదమ్మా."

అమ్మకు అర్థమైంది. ఆ ఊపులో నేను ఇంకా వివరించాను. గ్రాఫిక్స్ కార్డు చేతుల్లాంటిది, బొమ్మ గీసేది అదే. ర్యామ్ ముందున్న బల్ల లాంటిది, ఎంత వెడల్పుంటే అన్ని సామాన్లు పరుచుకోవచ్చు. క్యాబినెట్ అంటే పైనున్న చొక్కా మాత్రమే. "ప్రాసెసర్ మాత్రం మెదడమ్మా. మొత్తం అదే. మిగతావన్నీ ఉత్త డబ్బాలు." ఈ ఉపన్యాసం అమ్మ ఎంత శ్రద్ధగా విన్నదో నాకు వారం తర్వాత తెలిసింది.

శనివారం అక్కా నేనూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. మెట్రో స్టేషన్ పక్క సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న కాంప్లెక్సులో ఆ షాపు ఉంది. కింద మిర్చి బజ్జీ, పైన మదర్‌బోర్డులు. రెండింటి వాసనా కలిపి పీలిస్తే గొప్ప ఆశ పుడుతుంది. షాపతను అక్కను చూసి, చూడనట్టు నా వైపు తిరిగాడు.

"ఏం గేమ్ ఆడ్తవ్ తమ్మీ?"

"నాకు కాదన్నా, అక్కకు."

"మేడమ్ గేమ్ ఆడ్తదా?"

"ఇళ్ళు కడుతుంది" అన్నాను. అతను అక్క చేతుల వైపు చూశాడు, సిమెంటు కోసం కాబోలు.

అక్క తనకు కావలసింది చెప్పడం మొదలుపెట్టింది. కార్డులో మెమరీ ఎక్కువుండాలి, వేగం ఆ తర్వాత. వెంచర్ మొత్తం, చెట్లతో సహా, ఒకేసారి అందులో పట్టాలి. పట్టకపోతే మెల్లగా నడవడం కాదు, ఏకంగా ఆగిపోతుంది. షాపతను తింటున్న బజ్జీ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. అక్కను సీరియస్‌గా తీసుకున్నాడనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. ఎర్రగా, నీలంగా, ఊదాగా మెరిసే ర్యామ్ ఒకటి తీసి ముందు పెట్టాడు. నా చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

"లైట్లు లేనిది చూపించండి" అంది అక్క.

"లైట్లు లేనిదా?" అతను గొంతు తగ్గించాడు. "ఎందుకు మేడమ్, ఇంట్ల ఎవరికన్న ఏమన్న అయ్యిందా?"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నేను మాత్రం ఆ ర్యామ్‌తో కళ్ళతోనే వీడ్కోలు చెప్పుకున్నాను.

అసలు గొడవ క్యాబినెట్ దగ్గర వచ్చింది. నాకు నచ్చింది మూడు వైపులా గాజు ఉన్నది. అక్కకు నచ్చింది ముందు భాగమంతా జల్లెడలా ఉన్నది.

"ఇది ఎయిర్ కూలర్‌లా ఉందక్కా."

"అవును. అందుకే కావాలి. మనది పై అంతస్తు. మే నెలలో మన గదిలో మనుషులే ఉడుకుతారు, ఇది రోజంతా పని చేయాలి. నీ గాజు పెట్టెలో పెడితే సాయంత్రానికి ఆవిరి కుడుములే."

"తమ్మీ, గాజుది మంచిగ అక్వేరియం లెక్క ఉంటది" అని షాపతను నా వైపు వచ్చాడు.

"చేపలు మీరిస్తారా?" అంది అక్క. అతను వెంటనే అక్క వైపు వెళ్ళిపోయాడు. జల్లెడ గెలిచింది. కార్డు ఇటుకంత బరువు, మూరెడు పొడవు ఉండటంతో, అది లోపల పడుతుందో లేదో టేపు పెట్టి కొలిచి చూశాం. పట్టింది, చిటికెన వేలు సందు మిగిలింది. కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ దగ్గర కొంచెం చిన్నది తీసుకుందామని నేను నోరు తెరవబోతే, "గదాంట్ల కక్కుర్తి పడకు తమ్మీ, అది కాలితే మొత్తం కాలుతది" అన్నాడు షాపతను. నోరు మూశాను. చివరికి అక్క జాలిపడి నాకు లైటున్న ఫ్యాను ఒకటి ఇప్పించింది. వెనకవైపు పెట్టాలన్న షరతు మీద. అంటే నా లైటు గోడకు కనిపిస్తుంది.

"నేనే బిగిస్తానన్నా" అని చెప్పాను, అతను బిగించి ఇస్తానంటే.

"సరే. జర పైలం. బోర్డు మీద ప్రాసెసర్ కూసునే కాడ సన్నగ పిన్నులుంటయ్. ఆటిని ముట్టకు. దుమ్ము గూడ పడనియ్యకు."

మదర్‌బోర్డును ఒళ్ళో పెట్టుకుని అక్క ఆటోలో కూర్చుంది. కొత్తపేట దాటుతుంటే ఆటో అతను అద్దంలోంచి చూసి, క్యాబినెట్ డబ్బాను ఉద్దేశించి "కూలరా మేడమ్?" అన్నాడు. అక్క నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు కూడా.

మర్నాడే బిగించాలనుకున్నాం. అమ్మ పంచాంగం తీసింది. ఆదివారం కాదట, సోమవారం సగం కాదట, మంగళవారం అసలే కాదట, బుధవారం పొద్దున బాగుందట. "ఇంతింత వస్తువు ఇంటికొస్తే పూజ చెయ్యకుండా స్విచ్చేస్తారా? స్కూటర్‌కి చెయ్యలా?" అంది. స్కూటర్‌కి చేసిన మాట నిజం. నిమ్మకాయలు తొక్కించిన మాట కూడా నిజం. ఈ లోపు అక్క నా ల్యాప్‌టాప్‌లోనే ఇళ్ళ గోడలు ఒక్కొక్కటే లేపుతూ కూర్చుంది. దాంతో గోడలు లేస్తాయి గానీ వీడియో రాదు.

బుధవారం పొద్దున హాల్లో దుప్పటి పరిచి, భాగాలన్నీ వరసగా పేర్చాను. ప్రాసెసర్ ఉన్న ప్లాస్టిక్ డబ్బీ మూత కూడా తీసి పెట్టాను. "స్నానం చెయ్యకుండా ముట్టుకోకు" అంది అమ్మ. స్నానానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది.

క్యాబినెట్‌కు బొట్టు లేదు. కార్డుకు లేదు. డబ్బాల్లో దేనికీ లేదు. ప్రాసెసర్ ఒక్కటే వెల్లకిలా పడుకుని ఉంది, సన్నటి బంగారు చుక్కలున్న వైపు పైకి. ఆ చుక్కల మధ్య, తడి పసుపు రాసి, దాని మీద నిండుగా కుంకుమ బొట్టు.

"అమ్మా! ఇదేంటి?"

"మెదడు అదేనని నువ్వే చెప్పావుగా. మిగతావి ఉత్త డబ్బాలన్నావు. డబ్బాలకి బొట్టెందుకు?"

"పెడితే పెట్టావు, తిప్పి ఎందుకు పెట్టావు?"

"రెండోవైపు ఒట్టి స్టీలు, స్టీలు గిన్నె అడుగులా రాతలున్నాయి. ఇటు చూస్తే బంగారం. ముఖం ఎటువైపు ఉంటుందిరా?"

ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను. ఆ బంగారు చుక్కలే పిన్నుల మీద ఆనాలి. దాని ప్రాణమంతా అటునుంచే లోపలికి వెళ్తుంది. అక్క వచ్చి చూసింది. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని క్యాలెండర్ వైపు చూసింది, అంతే. అది చూశాక అమ్మ ముఖం మారింది. "పోయిందా? నా చేతులతో నేనే..." అని మొదలుపెట్టింది.

"పోలేదమ్మా. ముత్తైదువ అయింది, అంతే" అన్నాను. ధైర్యంగానే అన్నాను.

షాపతనికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"కుంకుమనా? పసుపు గూడనా?"

"పసుపు ముందు, కుంకుమ పైన."

"పద్ధతిగనే వెట్టిన్రు" అన్నాడు. "భయపడకు. సాకెట్‌ల అయితే పెట్టలేదు గద? నీళ్ళు తాకియ్యకు. ఐసోప్రొపైల్ అని స్పిరిట్ మెడికల్ షాపుల దొరుకుతది. నూలు రాలని బట్టతోని తుడువు, ఒత్తకు. మొత్తం ఆరినంకనే పెట్టు."

మెడికల్ షాపులో "దెబ్బ ఎవరికి?" అని అడిగారు. ఇంట్లోవాళ్ళకే అన్నాను.

అక్క తనే తుడిచింది. నాన్న కళ్ళజోడు తుడుచుకునే బట్టను దానం చేశాడు, ఈ కథలో ఆయన పాత్ర అంతే, అయినా బాగా పోషించాడు. కుంకుమ తేలిగ్గానే వచ్చింది. పసుపుతోనే చిక్కు. బంగారం మీద పసుపు పోయిందో లేదో ఎవరు చెప్పగలరు? టార్చి వేసి అటూ ఇటూ వంచి చూశాం. బట్ట తెల్లగా వచ్చేదాకా తుడవడమే మాకు తెలిసిన పరీక్ష. ఆరబెట్టి, బోర్డులో కూర్చోబెట్టి, మిగతావన్నీ బిగించి స్విచ్చేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. వెనక నా లైటు గోడకు బ్రహ్మాండంగా కనిపించింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

కొత్త కంప్యూటర్ మొదటిసారి తన ర్యామ్‌ను తాను లెక్క చూసుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుందని వీడియోల్లో విన్నాను. ఆ క్షణంలో నాకది గుర్తు లేదు. అక్క నా భుజం పట్టుకుంది, గోళ్ళతో. అమ్మ దేవుడి గది గుమ్మంలో నిలబడి ఒక కొబ్బరికాయ మొక్కుకుంది. తెర నల్లగానే ఉంది. పదకొండు చేసింది. అయినా నల్లగానే ఉంది. నూటొక్కటి అనబోతుండగా తెర మీద కంపెనీ బొమ్మ వెలిగింది.

"అమ్మా, ఆపు! పదకొండుకే వచ్చింది!"

అక్క నా భుజం వదిలింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కుక్కర్ కూడా ఈసారి అడ్డం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం దావత్ ముగించుకుని, సోంపు నములుతూ ఓనరూ ఆయన పార్ట్‌నర్లూ పైకి వచ్చారు. అక్క వీడియో నడిపించింది. గేటు తెరుచుకుంది, రోడ్డు, పచ్చిక, వరసగా విల్లాలు, బాల్కనీల్లో ఎండ. సోంపు నమిలే చప్పుడు కూడా ఆగింది. నేనూ జోకు వేయలేదు, అంటే పరిస్థితి అర్థం చేసుకోండి. చివరికి ఓనరు తెర మీద వేలు పెట్టాడు.

"అన్ని మంచిగున్నయ్. గీడ నడుస్తున్నోడు ఎవడు బిడ్డా? నాదర్‌గుల్‌ల కోటేసుకున్నోడెవడున్నడు?"

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మనుషులంతా తెల్లవాళ్ళే. చలికోట్లు, చేతిలో కాఫీ, తాడుకు కుక్క. మేమంతా గోడలూ కిటికీలే చూశాం, వాళ్ళను చూడలేదు.

"మనోళ్ళ లెక్క లేదు. కొనేటోడు ఇది తన ఇల్లనుకోడు" అన్నాడు ఒక పార్ట్‌నర్. రెండోవాడు గడియారం చూశాడు. "మార్సి, వచ్చే వారం సూపియ్యమను, సూద్దాం" అంటూ చెప్పుల వైపు నడిచాడు.

"కూర్చోండి అంకుల్, ఇప్పుడే మారుస్తాను" అంది అక్క.

మౌస్ పట్టుకుంది. కోటువాడు మాయమయ్యాడు, చీరె కట్టుకున్న ఆవిడ వచ్చింది. కాఫీవాడి చోట స్కూటర్ మీద ఒక కుటుంబం. ప్రతి వాకిట్లో తులసికోట. నీడలు, వెలుగు, అన్నీ అప్పటికప్పుడే సర్దుకున్నాయి. చెప్పుల దాకా వెళ్ళినాయన వెనక్కి వచ్చాడు.

"సాయంత్రం జేస్తవా?" ఎండ ఎర్రబడింది. "వాన?" రోడ్డు తడిసింది. "గా మూలకు మామిడిచెట్టు?" మొలిచింది. ముగ్గురూ కుర్చీ చుట్టూ చేరి, మిఠాయి కొట్టు ముందు పిల్లల్లా ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తున్నారు. "కుక్కనెందుకు తీస్తవ్, ఉంచు, మంచిగున్నది" అన్నాడు మొదటాయన.

"పని నీదే బిడ్డా" అన్నాడు ఓనరు. పార్ట్‌నర్లను అడగలేదు, వాళ్ళూ అడగమనలేదు. వాళ్ళు దిగి వెళ్ళాక కూడా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మెయిన్ గేటు జర పెద్దగ జెయ్యి." అక్క చేసింది. "ఇంకింత." చేసింది. అమ్మ టీ ఇచ్చింది, తాగాడు. "ఇంకింత." గేటు ఎంత పెద్దదైందంటే వెనకున్న విల్లాలు కోట పక్కన టీ కొట్లలా కనిపించాయి. "గిట్ల ఉండాలె" అని తృప్తిగా లేచి కిందికి దిగాడు.

ఆయన తలుపు వేసుకున్న చప్పుడు వినిపించగానే అక్క గేటును మెల్లగా మామూలు సైజుకు దించింది.

"అడిగితే?" అన్నాను.

"అడిగినప్పుడు పెంచుతా. ఇప్పుడు నాకు క్షణం పని" అంది అక్క. కాళ్ళు కుర్చీ మీదికి మడుచుకుని, రెండో విల్లా లోపలికి నడిచింది.