ఆరేసిన డైపర్లు, సొన మీద నింద

ఆ రోజు మా ఆవిడ కాంతం నన్ను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయింది. ఏదో తేడా చేసిందని నాకు తెలిసింది అప్పుడే. తిట్టడం మొదలుపెట్టాక సగంలో వదిలేసే మనిషి కాదు తను. మామిడి అప్పుడు పూత మీద ఉంది. తోటలో మందు కొట్టి, ఆ బట్టలతోనే తిన్నగా వంటింట్లోకి వెళ్ళానని అందుకుంది. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు, ఆ మందు కంపుతో..." అని అక్కడే ఉండిపోయింది. చేతిలో గరిటె జారి కింద పడింది. మూతి ఒక పక్కకి లాగేసింది. పట్టుకుని కూర్చోబెట్టబోతే ఎడమ పక్కంతా నా మీదికి వాలిపోయింది.

మాది చాట్రాయి దగ్గర ఒక పల్లె. మామిడితోటే మా జీవనం. మాకు పిల్లలు లేరు. పక్కింట్లో మా వదిన ఉంటుంది. అన్నయ్య పోయాక ఆవిడకి మేము, మాకు ఆవిడ. ఆ వేళ ఆటో పిలిచింది కూడా వదినే. నూజివీడు తీసుకెళ్తే అక్కడ చూసి వెంటనే విజయవాడ పంపించారు. సీటీ స్కాన్ తీసి బ్రెయిన్‌లో క్లాట్ ఉందన్నారు, స్ట్రోక్ అన్నారు, లెఫ్ట్ సైడ్ వీక్‌నెస్ అన్నారు. నేను కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను. కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కూర్చోమని చెప్పీ చెప్పీ సెక్యూరిటీ ఆయన విసుగెత్తి ఊరుకున్నాడు.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "టైంకి తెచ్చారు కాబట్టి కాలూ చెయ్యీ వచ్చే ఛాన్సుంది. కానీ మంచానికి అప్పగించేయకండి. ఈ మొదటి కొన్ని నెలలే ముఖ్యం. కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, నడిపించాలి. ఈ టైం పోతే మళ్ళీ రాదు" అన్నారు. ఆ ఆఖరి మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. అన్నం తింటున్నా, తోటలో తిరుగుతున్నా అదే మాట. కాంతం మళ్ళీ నడుస్తుందా లేదా, అంతకుమించి ఇంకో ఆలోచన లేదు నాకు.

ఆసుపత్రిలో యూరిన్‌కి పెట్టిన గొట్టం, క్యాథెటర్, తీసేశాక తెలియకుండానే యూరిన్ పోయేది. బ్లాడర్ కంట్రోల్ మెల్లగా వస్తుంది, అప్పటిదాకా అడల్ట్ డైపర్లు వాడమన్నారు. ఇంటికొచ్చాక మంచం ముందుగదిలో కిటికీ పక్కన వేశాను. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల చర్చి. వచ్చేపోయే వాళ్ళు కనిపిస్తే తనకి పొద్దుపోతుందని. డైపర్ మార్చడం నేనే నేర్చుకున్నాను. మొదటిసారి వెనకది ముందుకి పెట్టాను. మూతి వంకరగా ఉన్నా, మాట ముద్దగా వస్తున్నా, "తోటంతా చూసుకునే మనిషికి ఇది చేతకాదా" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు కాస్త ఊపిరాడింది. నూజివీడు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మంచం అంచున కూర్చోబెట్టేది. కొన్ని వారాలకి కిటికీ ఊచ పట్టుకుని కాసేపు నిలబడింది కూడా.

వాడిన డైపర్లు ఏం చేయాలన్నదే తెగని తలనొప్పి అయింది. తగలబెడితే సరిగా కాలవు, వాసన మాత్రం వీధంతా పోతుంది. తోట గట్టున గొయ్యి తీసి పూడ్చాను. ఒక వాన పడేసరికి లోపలి జెల్లు ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా పైకి తేలింది. మళ్ళీ మట్టి వేశాను. ఆ ఆదివారం ఆరాధన అయిపోయి జనం బయటికి వస్తున్న వేళకి, ఒక కుక్క ఆ గోతిలోంచి డైపర్ ఒకటి ఈడ్చుకొచ్చి చర్చి గేటు ముందు పెట్టుకుని చీలుస్తోంది. ఊళ్ళో డైపర్ వాడే మనిషి ఇంకెవరున్నారు? పాస్టరు గారి భార్య కుక్కని అదిలించి, కర్ర పుచ్చుకుని ఆ డైపర్‌ని చప్పుడు చేయకుండా పక్కకి నెట్టేసింది. కిటికీలోంచి కాంతం అంతా చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు తనే అంది, "కొంచెమే తడిసినవి కూడా ఎందుకు పారేస్తారండీ? ఎండలో వేస్తే ఆరిపోతాయిగా. ఎన్ని తగ్గితే అంత నయం. నా పరువూ మిగులుతుంది, ప్యాకెట్ల డబ్బులూ మిగులుతాయి." పంట ఇంకా చేతికి రాలేదు, ప్యాకెట్లేమో నీళ్ళలా అయిపోతున్నాయి. నాకూ సబబుగానే తోచింది. మనం చీరలు ఉతికి కట్టుకోవట్లేదా, ఇది అంతేగా అనుకున్నాను. ఉతికితే జెల్లు పగిలిపోతుంది కాబట్టి ఇవి ఉతికేవి కావని, ఆరేసేవేనని నాకు నేనే ఒక సిద్ధాంతం చేసుకున్నాను.

పెరట్లో విరిగిన మామిడికాయల ట్రేలు బోర్లించి, వాటి మీద పరిచేవాణ్ణి. కాయల్ని గ్రేడు చేసీ చేసీ అలవాటైన ప్రాణం కదా, వీటినీ గ్రేడు చేశాను. చుక్క తగిలినట్టున్నవి ఫస్టు రకం, ఓ మోస్తరుగా తడిసినవి సెకండ్సు, బరువెక్కినవి గోతిలోకి. చేత్తో నొక్కి చూసేవాణ్ణి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాణ్ణి. "ఏ రకమండీ ఈ పూట?" అని కాంతం మంచం మీద నుంచి అడిగేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళు బాగానే జరిగింది. అదే మా కొంప ముంచింది. మొదటి రోజే ఒళ్ళు మండి ఉంటే అప్పుడే మానేసేవాళ్ళం.

ఈలోగా ఎండలు ముదిరి కోతలు మొదలయ్యాయి. పొద్దున్నే కాయలు కోసే చిక్కం కర్ర పుచ్చుకుని తోటకి పోవడం, మధ్య మధ్యలో ఇంటికి పరిగెత్తుకొచ్చి కాంతానికి డైపర్ మార్చడం, మళ్ళీ తోటకి. కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంట్లో ఉంటే కాయలు ఏమవుతున్నాయో అని, తోటలో ఉంటే కాంతం ఎలా ఉందో అని. ఒకరోజు మారుస్తుంటే తొడల సందుల్లో ఎర్రగా దద్దు కనిపించింది. అంచుల్లో చిన్న చిన్న పొక్కులు. మా వైపు వేసవిలో ఒంటి మీద ఏ మచ్చ లేచినా ముందు సొనే అంటాం. కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర చిమ్మే ఆ జిగురు తగిలితే చర్మం కాలినట్టు పొక్కి నల్లబడుతుంది. నా చేతులు చూసుకున్నాను. గీతల్లో, గోళ్ళ సందుల్లో సొన నల్లగా గడ్డకట్టి ఉంది. ఎంత తోమినా పూర్తిగా పోదు. ఈ చేతులతో మార్చానే అనుకున్నాను.

కాంతానికి చెప్పాను, నా చేతుల సొన తగిలి కాలింది, ఇకనుంచి వదిన మారుస్తుంది అని. తను నా మొహంలోకి చూసింది. "ఇన్నేళ్ళూ ఈ చేతులే కదండీ. ఇప్పుడే కొత్తగా కాలుస్తున్నాయా?" అంది. ఆ మాట నా బుర్రకి ఎక్కలేదు. చేతులు కిరోసిన్‌తో తుడిచి, సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసుకున్నాను. అయినా నమ్మకం కుదరలేదు. వదినకి అప్పజెప్పేసి, నేను ముట్టుకోవడమే మానేశాను. మంచినీళ్ళ గ్లాసు కూడా వదినతోనే ఇప్పించేవాణ్ణి. గుమ్మంలో నిలబడి "తిన్నావా" అని అడిగి, తను తలూపితే వెళ్ళిపోయేవాణ్ణి. తోటకి పోతున్నానన్న మాటే గానీ మనసంతా ఆ మంచం చుట్టూనే తిరిగేది.

దద్దు తగ్గలేదు సరికదా ఇంకా పాకింది. వదిన మా ఇద్దరికన్నా పొదుపరి. నేనైతే గోతిలో వేసే రకం కూడా ఆవిడ ఇంకో ఎండ చూపించి వాడింది. పాపం, మా మేలు కోరే చేసింది. పైన పౌడర్ చల్లేది. ఫిజియో అమ్మాయి చూసి, స్కిన్ ఇలా ఉంటే కూర్చోబెట్టలేను, ముందు డాక్టర్‌కి చూపించండి అని వెళ్ళిపోయింది. సొన పుండేగా, మానిపోతుందిలే అనుకున్నాను. కూర్చోవడం ఆగింది, నిలబడటం ఆగింది. ఈ టైం పోతే మళ్ళీ రాదు అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

అన్నిటికన్నా భయమేసింది ఇంకోదానికి. ఒక సాయంత్రం బురదకాళ్ళతో తన గదిలోకి వచ్చేశాను. తుడిచిన గచ్చు మీద అడుగులన్నీ పడ్డాయి. కాంతం ఆ అడుగులు చూసింది, నన్ను చూసింది, మొహం గోడవైపు తిప్పుకుంది. ఒక్క తిట్టు కూడా లేదు.

మర్నాడు చలిజ్వరం. పళ్ళు కటకటమంటున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. నూజివీడులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చూసి, ఇది ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నేను చేతులు చాపి చూపించాను. తప్పంతా వీటిదే, సొన చేతులతో మార్చాను, తెలిశాక ముట్టుకోవడమే మానేశాను, అయినా ఇంకా పాకింది అని చెప్పాను. ఆవిడ నా చేతుల్ని తిప్పి చూశారు. "సొన అయితే ఇన్ని వారాలు పాకదండీ, ఆరిపోవాలి. పైగా మీరు ముట్టుకోవడం మానేశాక కదా ఎక్కువైంది? డైపర్ ఎన్నిసార్లు మారుస్తున్నారు?" అన్నారు. వెనక నుంచి వదిన, "తడిసినవి ఎండేసి మళ్ళీ వాడుతున్నామండీ" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు. "ఎండకి నీళ్ళే పోతాయి. యూరిన్‌లో ఉన్న మిగతాదంతా అందులోనే ఉంటుంది, క్రిములు ఉంటాయి. మళ్ళీ కొంచెం తడవగానే అదంతా ఒంటికి అంటుకుంటుంది. ఆరిన డైపర్ పొడి డైపర్ కాదండీ." ఫంగల్ ఇన్ఫెక్షన్ అన్నారు, యూరిన్ టెస్టు చేస్తే యూటీఐ, అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. నడుం కింద బెడ్‌సోర్, అంటే మంచం ఒత్తిడికి పడే పుండు, మొదలవుతోంది, ఇంకా గ్రేడ్ వన్‌లోనే ఉంది అన్నారు. అడ్మిట్ చేసుకుని ఐవీ యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం వార్డులో వదిన కాఫీకని బయటికి వెళ్ళింది. నేను మంచం చుట్టూ తిరుగుతున్నాను. సెలైన్ చూడటం, దుప్పటి సర్దడం, మళ్ళీ సెలైన్ చూడటం. కాంతం "ఒకచోట నిలబడండి" అంది. నిలబడ్డాను.

"అయితే నిజంగా సొన అనుకునే దూరంగా ఉన్నారా?"

"మరి ఇంకేమనుకున్నావే?"

"రోత పుట్టిందనుకున్నాను. నా కంపు భరించలేక సొన వంక పెట్టారనుకున్నాను" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అన్ని మంచాల వాళ్ళు చూస్తుండగానే ఏడ్చాను. ఒంటి మీది పుండు అందరికీ కనిపించింది. ఈ పుండు ఇన్నాళ్ళూ లోపల పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుందన్నమాట. బాగున్న కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని, గోళ్ళ సందుల్లో సొనని బొటనవేలితో గీకుతూ కూర్చుంది.

డిశ్చార్జి నాడు డాక్టరమ్మ పద్ధతి చెప్పారు. యూరిన్ వస్తున్నట్టు కాంతానికి తెలిసినా తెలియకపోయినా పగలు రెండు గంటలకోసారి కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టమన్నారు. బ్లాడర్‌కి అలవాటు నేర్పినట్టు. మధ్యలో మెత్తటి నూలుగుడ్డ మడతపెట్టి వాడమన్నారు, తడవగానే మార్చి, సబ్బుతో ఉతికి, వేణ్ణీళ్ళలో ముంచి, బాగా ఎండబెట్టి వాడొచ్చు, గుడ్డ ఉతకడానికి పనికొచ్చేదే అన్నారు. డైపర్ పడుకునేటప్పుడూ, బయటికి వెళ్ళేటప్పుడూ చాలన్నారు. అది మాత్రం తడిస్తే అంతే సంగతులు. వాడినది కాగితంలో గట్టిగా చుట్టి, కవర్లో కట్టి, చెత్తబండికి ఇస్తున్నాం. గోతులు మానేశాను.

ఇంటికొచ్చాక మళ్ళీ నేనే మొదలుపెట్టాను. ఫోన్లో అలారం. అది మోగితే తోటలో ఎక్కడున్నా ఇంటికి పరుగు. కుదురు లేని నా కాళ్ళు జీవితంలో మొదటిసారి ఒక పనికి పనికొచ్చాయి. పుండు మానడానికి చాలా రోజులే పట్టింది. వానాకాలంలో గుడ్డలు సరిగా ఆరక మళ్ళీ దద్దు లేచింది, ఈసారి ఆ రోజే ఆయింట్‌మెంట్ తెచ్చాను. ఫిజియో అమ్మాయి తిరిగి వచ్చింది. పోయిన టైంలో కొంత పోయినట్టే ఉంది, ఎడమచెయ్యి ఇప్పటికీ పిడికిలి విప్పుకోదు. కాలు మాత్రం వచ్చింది. నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని, ఒకరు పక్కనుంటే బాత్రూం దాకా నడుస్తుంది. నవ్వినా దగ్గినా కాస్త పోతుంది. ఆదివారం కొత్త డైపర్ వేసుకుని చర్చికి వెళ్తుంది, ఆఖరి బెంచీలో చివర కూర్చుంటుంది. ఆ గేటు దాటేటప్పుడు తల దించుకోదు.

ఇది చదివేవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి మనిషి ఎవరైనా ఉంటే ఒక్కటే చెప్తాను. ఎంత కొంచెం తడిసినా ఆ డైపర్‌ని మళ్ళీ వాడకండి. తగ్గించుకోవాలంటే గడియారం పెట్టుకుని బాత్రూంకి తీసుకెళ్ళండి, వాటంతటవే తగ్గుతాయి.

మళ్ళీ కోతలొచ్చాయి. తోట నుంచి ఇప్పుడే వచ్చి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అలారం మోగింది, వినిపించుకోలేదు. లోపలి నుంచి కాంతం అందుకుంది. "ఆ రాతలు తర్వాత రాసుకోవచ్చు, మోగుతున్నది చెవిన పడట్లేదా, నేను లేచి నిలబడి ఎంతసేపైందో తెలుసా, మీకు ఏదీ టైంకి చేయడం ఈ జన్మకి రాదు" అని ఆగకుండా చివరిదాకా తిట్టింది. ఉండు, సొన చేతులు, కడుక్కుని వస్తాను అన్నాను.

"ఏం అక్కర్లేదు. అలాగే వచ్చి పట్టుకోండి" అంది.