కూర్మమ్మ, కలాసీ, మధ్యలో ఆయన

కూర్మమ్మకి మొగుడు ఏడాదికి రెండు నెలలే. మిగతా పది నెలలూ ఆయన గుజరాత్ సొత్తు. సిక్కోలు తీరాన ఈ మాటకి ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. ఆమె ఉండే జాలరిపేటలో సగం ఇళ్ళ మగవాళ్ళు ఆగస్టులో రైలెక్కి వేరావల్ రేవుకి పోతారు. అక్కడి బోట్ల మీద వేట చేసి, వేట ఆగిపోయే మే నెలాఖరుకి ఇల్లు చేరతారు. వచ్చిన మనిషికి నాలుగు రోజులు చేపల పులుసు పెట్టి, చిరిగిన బట్టలు కుట్టి, వానలు పడ్డాక మళ్ళీ స్టేషనుకి సాగనంపితే ఆ ఏటి కాపురం అయినట్టే.

అలాంటి కాపురం కూర్మమ్మ పాతికేళ్ళ పైగా చేసింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకి వెళ్ళేది. బేరంలో ఆమె నోటికి ఎదురు లేదు. ఆ నోటితోనే ఇద్దరు పిల్లల్ని పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది, తుఫానుకి ఎగిరిపోయిన ఇంటికప్పు మళ్ళీ వేయించింది. మొగుడు జోగయ్య మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఫోన్ చేస్తే "బాగున్నావా, తిన్నావా, సరే" అంతే. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం ఆ పేటలో ఏ మగాడికీ అలవాటు లేదనుకోండి. అయినా "ఒసే" అనో "ఇదిగో" అనో అంటారు కదా. జోగయ్య దగ్గేవాడు. ఆ దగ్గుకి కూర్మమ్మ పలికేది.

రెండువేల పదిహేను వేసవిలో ఆ ఫోన్లోనే ఒక కొత్త మాట వచ్చింది. వల లాగే తాడు కాలికి చుట్టుకుని ఎముక విరిగిందట. కట్టు కట్టారు, అతుక్కుంది, కుంటు మాత్రం మిగిలింది. ఇంక వేటకి పనికిరాడు. "రేవులో బోట్లకి కాపలా ఉండమన్నారు. ఏడాది పొడుగునా. ఇక్కడే ఉండిపోతాను," అన్నాడు జోగయ్య.

కూర్మమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు ఎండుచేపల్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండు నెలల మొగుడు కాస్తా ఇక ఆ రెండు నెలలకీ రాడు. కాలు విరిగిన మనిషికి ఇంటికి రావాలనిపించదా? ఇల్లంటే ఆయనకి ఏమిటి, నేనంటే ఏమిటి? ఈ ప్రశ్న ఆమెకి ఆ రోజే పుట్టింది. అంతవరకూ పుట్టడానికి తీరిక లేదు.

ఆమె అన్నకొడుకు నాగబాబు లారీ డ్రైవరు. పలాసలో జీడిపప్పు ఎత్తుకుని గుజరాత్ వెళ్ళివస్తుంటాడు. కూర్మమ్మ వాడి దగ్గరికి వెళ్ళింది.

"ఒరే నాగబాబూ, నన్ను కూడా ఏసుకుపో. మీ మావని ఎత్తుకొచ్చేస్తాను."

"లారీలో ఆడమనిసేటి అత్తా?" అని వాడు నవ్వాడు.

"జీడిపప్పు బస్తా అనుకో," అంది.

విజయనగరం దాటి ఎరగని మనిషి అలా లారీ ఎక్కి, ఐదు రాష్ట్రాల దుమ్ము తలకి పట్టించుకుని వేరావల్‌లో దిగింది.

రేవులో జోగయ్య కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. పక్కన ఒక గోధుమరంగు కుక్క, దాని చెవి ఒకటి నిక్కి, ఒకటి వాలి ఉంది. బోటు మీదే పుట్టి పెరిగిన కుక్కట. బోటు పనివాళ్ళని కలాసీలంటారు. వాళ్ళతోనే తిని వాళ్ళ మధ్యే పడుకునే దీనికీ కలాసీ అనే పేరు పెట్టేశారు. పుట్టింది గుజరాత్‌లోనే అయినా దానికి గుజరాతీ ఒక్క ముక్క రాదు. బోటు నిండా సిక్కోలు వాళ్ళే కదా. "ఇటు రారా" అంటే వస్తుంది, అక్కడి సేఠ్ ఎంత ముద్దుగా పిలిచినా తోక కూడా కదపదు.

"వస్తాను గాని, ఇది కూడా వస్తాది," అన్నాడు జోగయ్య. "ఆగస్టుకి మళ్ళీ ఎలిపోతాను. కాపలా పనికి ఒప్పేసుకున్నాను."

మొదటి మాటకే కూర్మమ్మకి ఒళ్ళు మండింది. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు, దీన్ని ఎంటేసుకుని దేశం దాటుతావేటి? రైలెక్కితే బేగి ఇంటికాడుందుము కదా."

"రైల్లో దీన్ని పెట్టెలో ఏస్తారు. సముద్రం మీద తిరిగిన కుక్క. పెట్టెలో ఉండలేదు."

అంత పొడుగు మాట ఆయన నోట వినడం కూర్మమ్మకి అదే మొదలు. అదీ కుక్క గురించి. ఆగస్టు మాట మాత్రం విననట్టే ఊరుకుంది. అది చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

లారీ ముందు భాగంలో నలుగురూ సర్దుకున్నారు. స్టీరింగు దగ్గర నాగబాబు, పక్కన ఇంజను డబ్బా మీద పాత దుప్పటి పరుచుకుని కలాసీ, దాని పక్కన జోగయ్య, కిటికీ దగ్గర కూర్మమ్మ. బండి కదిలిందంటే కలాసీ నిద్రపోయేది, ఆగిందంటే లేచి కూర్చునేది. జోగయ్యా అంతే. ఊగే నేల మీద పడుకోవడం ఇద్దరికీ అలవాటు. నిద్రలో ఇద్దరి తలలూ ఒక్క వైపుకే వాలేవి. కూర్మమ్మ ఆ రెండు తలల్నీ చూస్తూ, ఏడాదిలో పది నెలల కాపురం దానిది, రెండు నెలలది నాది, సవతి అంటే ఇదే కాబోలు అనుకునేది. అనుకుంటూ అనుకుంటూ తనూ తూగేది.

అలా తూగుతూ మేలుకుంటూ చూసిన దేశం ఆమెకి కలలాగే ఉండిపోయింది. ఒకసారి కళ్ళు తెరిస్తే తెల్లటి ఉప్పు కుప్పలు, ఇంకోసారి తెరిస్తే రోడ్డుకి అడ్డంగా గొర్రెలు, వాటి వెనక ఎర్ర తలపాగాల మనుషులు. నాసిక్ దగ్గర లారీలోకి ఉల్లిపాయలు ఎక్కాయి. ఆ తర్వాత కలల్లో కూడా ఉల్లి వాసనే. ఏ ఊళ్ళో ఉన్నామో అడగడం ఆమె మానేసింది. అడిగితే నాగబాబు ఏదో పేరు చెప్పేవాడు, ఆ పేరు నోరు తిరిగేలోపు ఆ ఊరు వెనక్కి పోయేది. సంత లేదు, గంప లేదు, తన నోటితో ఎవరికీ పని లేదు. పుట్టి బుద్ధెరిగాక అంత ఖాళీగా ఎప్పుడూ కూర్చోలేదు. ఆ ఖాళీ హాయిగా ఉందని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గేసింది.

నాగపూర్ ఇంకా రాలేదనగా, మిట్టమధ్యాహ్నం ఎండలో, దూరంగా తారురోడ్డు మీద నీళ్ళు తళతళలాడాయి. కలాసీ ఉలిక్కిపడి లేచింది. అద్దానికి ముక్కు ఆనించి, తోక నిటారుగా పెట్టి నిలబడిపోయింది. జోగయ్యా ముందుకి వంగాడు. ఎండమావి అని ఆయనకి తెలుసు, కూర్మమ్మకీ తెలుసు. అయినా ముగ్గురూ రెప్ప వేయకుండా ఆ నీళ్ళనే చూశారు. లారీ ఎంత పోతే నీళ్ళు అంత వెనక్కి జరిగాయి.

"పోటు మీదున్నాది," అన్నాడు జోగయ్య.

"అలలు లేవు కదా," అంది కూర్మమ్మ.

"ఒడ్డున లేవు. లోపలున్నాయి."

నాగబాబు ఇద్దరినీ వింతగా చూశాడు. వాడు నేల మీద బండి నడిపేవాడు, వాడికేం తెలుస్తుంది. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఒకే సముద్రాన్ని పక్కపక్కన కూర్చుని చూడటం పాతికేళ్ళలో అదే మొదలు. ఆ సముద్రం లేదనే మాట నిజమే గాని, కూర్మమ్మకి ఆ పూట అది లోటుగా అనిపించలేదు.

లోటు అనిపించింది భోజనాల దగ్గర. దాబా ఎదుట మంచాల మీద కూర్చుని తినేటప్పుడు, జోగయ్య ఆఖర్న ఒక ముక్క మిగిల్చేవాడు. పెళ్ళానికి వీపు పెట్టి, కలాసీ మీదికి వంగి, దాని చెవిలో ఏదో గొణిగి, అప్పుడు ఆ ముక్క దాని నోట్లో పెట్టేవాడు. ప్రతి పూటా అంతే. కుక్కతో చెప్పుకునే గుట్టు ఉంది, నాతో చెప్పుకునే మాట లేదు. ఆగస్టులో పోతే పోనీ, ఈ మనిషిని పట్టి ఉంచడానికి నా దగ్గరేముంది అనుకుని, చేతిలో రొట్టె సగంలోనే వదిలేసేది.

ఛత్తీస్‌గఢ్ అడవులు వచ్చాయి, పోయాయి. ఒడిశా కొండలు వచ్చాయి, గాలి చల్లబడింది. రోమింగులో డబ్బులు ఊడిపోతాయని నాగబాబు అందరి ఫోన్లూ కట్టేయించాడు. సాలూరు ఘాటు దిగుతుంటే, "ఆంధ్రా సిగ్నలొచ్చింది, పెట్టుకోండి" అన్నాడు. కూర్మమ్మ ఫోన్ పెట్టీ పెట్టగానే మోగింది. పక్కింటి మరిడమ్మ. ఇంజను మోతలో వినపడదని నాగబాబు స్పీకరు నొక్కాడు.

"కూర్మమ్మా! ఓ కూర్మమ్మా! ఎక్కడిదాకా వచ్చినారే?"

నిద్రపోతున్న కలాసీ చటుక్కున లేచింది. ముందుకాళ్ళు రెండూ జోడించి బుద్ధిగా కూర్చుంది. జోగయ్య కుడిచేతి వైపు చూస్తూ నోరు తెరిచింది.

"ఏటే కూర్మమ్మా, పలకవేటి?"

కలాసీ ఇంకాస్త దగ్గరికి జరిగి ఇంకాస్త నోరు తెరిచింది.

"అదేటి మావా! అత్త పేరు ఇంటే ఇది ముద్దకి కూకుంటాదేటి?" అన్నాడు నాగబాబు.

జోగయ్య తల వంచుకున్నాడు. కూర్మమ్మ ఫోన్ కట్టేసింది. మరిడమ్మ మాట మధ్యలో ఫోన్ కట్టేసిన వాళ్ళు ఆ పేటలో అంతకుముందు లేరు.

"ఏటిది?" అంది.

చాలా మలుపులు దిగాక ఆయన నోరు పెగిలింది. "పిల్లలకి ఇది మావ ముద్ద, ఇది అత్త ముద్ద అని పెడతారు సూడు. అలగే. తిన్నాక ఆకరి ముద్ద ఒకటి ఉంచుతాను. ఇది కూర్మమ్మ ముద్ద అని దీనికి పెడతాను."

"రోజూనా?"

"రోజూ."

"మరి ఈ కుక్క పుట్టకముందో?"

"సముద్రంలో ఏసేవోడిని."

కొండ కింద, మామిడిపళ్ళ గంపలు పెట్టుకున్న చోట, బండికి ఊపిరి పోయడానికి నాగబాబు ఆపాడు. ఆమె దిగిపోయింది. దిగి, రోడ్డు పక్కన నిలబడి, కోటబొమ్మాళి సంతంతటికీ వినిపించే గొంతు ఎత్తింది.

"సేపలకి తెలుసు, కుక్కకి తెలుసు, నాకు తెలీదు! ఒక్కపాలి, ఫోన్లో ఒక్కపాలి ఆ పేరు అంటే నీ నోరు పడిపోద్దా? అంత ముద్ద తీసి ఉంచినోడివి, ఆ రేవులో ఉండిపోతానని ఎందుకన్నావు? సెప్పు. సెప్పేవరకూ నాను బండి ఎక్కను."

మామిడిపళ్ళు అమ్మే ఆడవాళ్ళు బేరాలు ఆపి చూశారు. జోగయ్య కర్ర ఊతంగా మెల్లగా దిగాడు, వెనకే కలాసీ దూకింది. ఆయన పెళ్ళాం మొహం చూశాడు, దగ్గాడు.

"దగ్గితే పలకను," అంది.

నోరు తెరిచాడు, మూశాడు. గాలివానలో బోటుని ఒడ్డుకి తెచ్చిన మనిషి అక్కడ ఒక్క మాట ఒడ్డుకి తేలేకపోతున్నాడు. కూర్మమ్మ కోపంగానే చూసింది గాని, ఆ అవస్థ చూసేసరికి ఆ కోపంలో సగం జాలి అయిపోయింది.

"సరే. నాకు సెప్పలేవు. దానికి సెప్పు. నాను అటు తిరిగి నిలబడతాను," అని నిజంగానే కొండ వైపు తిరిగి నిలబడింది.

ఆయన రాయి మీద కూర్చున్నాడు. "ఒరే కలాసీ. కూర్మమ్మకి సెప్పరా..." అన్నాడు.

పేరు వినగానే కలాసీ కాళ్ళు జోడించి కూర్చుని నోరు తెరిచింది.

"ముద్ద లేదురా ఇప్పుడు. మాటే ఉన్నాది. అది కూర్మమ్మ ఇల్లురా. నాను సుట్టంలా వచ్చి పోయినోడిని. ఉప్పు డబ్బా ఎక్కడుంటాదో కూడా నాకు తెలీదు. రెండు నెలలే కాబట్టి పులుసు పెట్టి బాగా సూస్తాది. ఈ కుంటికాలుతో పన్నెండు నెలలూ గుమ్మంలో కూకుంటే ఇసుగొస్తాది కదరా. ఇసుక్కున్న ఆ మొకం నాను సూడలేను. దూరంగుంటే, ఆకరి ముద్ద అయినా నా దగ్గరుంటాది."

లారీలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. కూర్మమ్మ కొండ వైపు చూస్తూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. పాతికేళ్ళూ ఆయనకి తను అక్కర్లేదనుకుంది. తనకి ఆయన అక్కర్లేదని ఆయన అనుకుంటున్నాడని ఒక్కనాడూ తోచలేదు. ఎండుచేపలు అమ్మి ఇల్లు నిలబెట్టింది సరే, ఆ ఇంట్లో ఆయనకి చోటు కనపడకుండా నిలబెట్టేసినట్టుంది.

"ఒరే కలాసీ," అంది. ఆ కుక్కని ఆమె పిలవడం అదే మొదలు. "ఉప్పు డబ్బా పొయ్యికి ఎడంపక్కన ఉంటాదని సెప్పు. ఇసుగొస్తే ఇసుక్కుంటాను. నా మొగుడ్ని నాను ఇసుక్కోడానికి గుజరాత్‌కి ఫోన్ సెయ్యాలేటి? ఆగస్టుకి టిక్కెట్టు తియ్యొద్దని సెప్పు."

పాపం, కలాసీకి ఎటు చూడాలో తెలియలేదు. ఆమెని చూసింది, ఆయన్ని చూసింది.

"తియ్యను, కూర్మమ్మా," అన్నాడు జోగయ్య. ఈసారి కుక్క వైపు తిరగలేదు.

కలాసీ మళ్ళీ నోరు తెరిచింది. "ముద్ద ఇంటికాడ," అంది కూర్మమ్మ, ఆయనకి చెయ్యందిస్తూ. "ఇద్దరికీ."