రేకు పోయింది, మెమో ఫకీరాకు వచ్చింది

మే నెల మొదటి వారంలో మా సంఘం డ్రైవర్ ఫకీరాకు నేనొక మెమో ఇచ్చాను. వ్యాన్ పదే పదే ఆగిపోతోందని, అందుకు అతని నిర్లక్ష్యమే కారణమని, ఏడు రోజుల్లో సరైన జవాబు రాకపోతే పనిలోంచి తీసేస్తామని అందులో రాశాను. ఫకీరా నిలబడే చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, "రేపు ఎన్ని గంటలకు ఎల్లాలె సార్?" అన్నాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కూలీల హక్కుల సంఘం, నేను దాని కార్యదర్శిని. ఈ జిల్లాలో ఏ మిల్లు హమాలీకి మెమో వచ్చినా జవాబు రాసిపెట్టేది నేనే. "విచారణ లేకుండా చర్య తీసుకోవడం న్యాయం కాదు" అనే వాక్యం నిద్రలో లేపినా రాయగలను. అలాంటి నేను, విచారణ లేకుండా, సంఘం ముద్ర కొట్టి మెమో ఇచ్చాను. మొదటిసారి ముద్ర సరిగ్గా పడలేదని రెండోసారి కూడా కొట్టాను.

ఫకీరాది మునగాల దగ్గరి తండా. వయసు యాభై రెండు. ఏడో తరగతి దాకా చదివాడు. ఇరవై ఏళ్లు మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీ తోలి, నడుము దెబ్బతిన్నాక నాలుగేళ్ల కింద మా దగ్గరికి వచ్చాడు. సభల్లో నేనతన్ని "ఫకీరన్న" అంటాను. వ్యాన్ ఎక్కగానే "ఏమయ్యా" అంటాను. ఈ పని పోతే మళ్లీ లారీయే దిక్కని, ఆ నడుముతో లారీ తోలితే మంచాన పడతాడని అతని భార్య రంగి ఆఫీసుకు వచ్చి చెప్పిపోయింది.

మా వ్యాన్ పద్దెనిమిదేళ్ల పాత పెట్రోలు బండి. పొద్దున తాళంచెవి ఒక్కసారి తిప్పితే చాలు, లేస్తుంది. ఎండలో నడిపి, ఆపి, పది నిమిషాలయ్యాక తిప్పితే మాత్రం దగ్గుతుంది తప్ప లేవదు. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మా కమిటీకి ఇందులో కుట్ర కనిపించింది. కునుకు తీయడానికే ఆపుతున్నాడని ఒకరు, పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడని ఇంకొకరు. పైగా అతనికో అలవాటు ఉంది. ఎక్కడ ఆపినా బండిని గాలికి ఎదురుగా పెట్టి బానెట్ ఎత్తుతాడు. తిరుమలగిరిలో సభ జరిగే హాలు ముందు ఎత్తితే నేను కసిరాను.

"నోరు తెరిచిన బండేందయ్యా, జనం ముంగట? సంఘమే చెడిపోయిందనుకుంటరు."

"ఇంజన్‌కు జర గాలి తగలాలె సార్."

"దించు."

దించాడు. పది నిమిషాల్లో నా ప్రసంగం ముగించి వచ్చేసరికి బండి లేవలేదు, పదిమందిమి ఆ వ్యాన్‌ను రోడ్డు దాకా తోశాం.

మెమో గడువు ఇంకా రెండు రోజులుందనగా ఇద్దరం సూర్యాపేట నుంచి కోదాడకు బయలుదేరాం. మునగాలకు ఇవతల దాబాలో టీ తాగి వచ్చేసరికి వ్యాన్ మొరాయించింది. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. దాబాలో పేపరు లేదు. చదవడానికి ఏమీ దొరక్క, సీటు కింది రిజిస్టర్ తీశాను. బండి ఎక్కడికి పోయిందో, ఎక్కడ ఆగిందో రాయాలని నేనే పెట్టించిన రిజిస్టర్ అది.

"మార్చి 11. మిర్యాలగూడ. రేకు తీసినంక మొదటిసారి ఆగింది. సార్‌కు చెప్పిన."

"మార్చి 19. సూర్యాపేట మార్కెట్. బానెట్ ఎత్తి పెట్టిన. లేసింది."

"ఏప్రిల్ 6. తిరుమలగిరి. బానెట్ దించమన్నరు. లేవలే."

"ఏప్రిల్ 14. వాన. లేసింది."

ఇలాంటివి ముప్పై ఒకటి. రోగం ఎప్పుడొస్తోందో, ఎప్పుడు రావడం లేదో మంచి డాక్టరు రాసుకున్నట్టు రాశాడు. ప్రతిదాని పక్కనా నా సంతకం, కింద గీతతో సహా.

"ఏ రేకు ఫకీరా?"

"మీరు పీకిచ్చిందే సార్. మిర్యాలగూడ ర్యాలీల."

గుర్తొచ్చింది. వ్యాన్ మీద మైకు కట్టి మాట్లాడుతుంటే ఇంజన్ దగ్గర ఏదో రేకు గలగలమని నా ప్రసంగంలో దూరింది. దారిలో దొరికిన మెకానిక్‌తో విప్పించి పాత ఇనుప సామాన్ల బండిలో వేయించాను. బోల్టు బిగిస్తే చప్పుడు పోతుందని ఫకీరా అన్నాడు. "నువ్వు నడుపు, మాట్లాడేది నేను" అన్నాను.

"మరి మెమోకు ఇదే జవాబు రాయకపోయినవా?"

"రాసినదానికే సదవకుంట సంతకం పెట్టిన్రు. ఇంకోటి రాస్తే సదువుతరా సార్?"

అరగంటకు వ్యాన్ లేచింది. కోదాడలో మెకానిక్ సుమన్ బానెట్ ఎత్తుతూనే అడిగాడు. "రేకు తీసేసిన మహానుభావుడెవరండీ?"

ఫకీరా రోడ్డు వైపు చూశాడు. నేనే చెయ్యెత్తాను.

"ఇంజన్ ఆపితే నీళ్లు తిరగటం ఆగిపోద్ది సార్. పొగ గొట్టాలు మాత్రం కాలతానే ఉంటయ్. ఆ సెగంతా పైకొచ్చి ఇంజెక్టర్లని పట్టుకుంటది. లోపల పెట్రోలు ఆవిరైపోద్ది. ఇంజెక్టరు పెట్రోలు కొట్టాలి గానీ ఆవిరి కొడితే బండి లేస్తదా? సెగకి అడ్డం ఆ రేకే. అది లేదు గనకే మీ డ్రైవరుగారు, ఇందాక చెప్పారుగా, బానెట్ ఎత్తి పెడుతున్నారు."

పాత కొలతకే కొత్త రేకు కోసి, గాలి ఆడే సందు వదిలి, గలగలమనకుండా బిగించాడు. పెట్రోలు పైపును గొట్టాలకు దూరంగా జరిపి, సెగ తగలకుండా తొడుగు వేశాడు. ఆపే ముందు ఒక నిమిషం ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వమన్నాడు. వేడి మీద లేపాల్సివస్తే తాళంచెవి సగం తిప్పి, పంపు పెట్రోలు తోసేదాకా రెండు మూడు క్షణాలు ఆగి, అట్లా రెండుసార్లు చేశాక స్టార్ట్ చేయమన్నాడు.

"అది రోజూ చేస్తనే ఉన్న," అన్నాడు ఫకీరా.

మధ్యాహ్నం రెండింటి ఎండలో సూర్యాపేట చేరాం. పది నిమిషాలు ఆపి తిప్పితే వ్యాన్ లేచింది. ఇంకా రెండుసార్లు ఆపించి చూశాను. లేచింది.

ఆదివారం కమిటీలో అంతా చెప్పాను. మా కోశాధికారి ఆండాలు రిజిస్టర్ మొత్తం తిరగేసింది.

"ఇప్పుడు మెమో ఎవలకియ్యాలె అన్నా?"

"నాకే."

"ఇస్తే జవాబు రాసేది గూడ నువ్వేనాయె."

మెమో వాపస్ తీసుకుంటున్నామని ప్రకటించి, తప్పు ఒప్పుకోవడంలోని గొప్పతనం గురించి ఒక ప్రసంగం మొదలుపెట్టాను. ఫకీరా లేచి నిలబడ్డాడు.

"మెమో కాయితం మీద ఇచ్చిన్రు సార్. వాపస్ గూడ కాయితం మీదనే ఇయ్యండ్రి."

రాసిచ్చాను. తేదీ తప్పు పడిందని మళ్లీ రాయించాడు.

ఇది చదివేవాళ్లలో బడులు, దవాఖానలు, సంఘాలు నడిపేవాళ్లుంటారు. మీ దగ్గరా ఒక పాత బండి ఉంటుంది, దాన్ని తోలే మనిషికి నియామక పత్రం ఉండదు. ఈ ఎండలు ముగియకముందే అతన్ని కూచోబెట్టి బండికేమైందో అడగండి. అతను చెప్పిన మరమ్మతు చేయించండి. పనిలో ఉన్నట్టు ఒక కాగితం రాసివ్వండి. ఫకీరాకు మేము ఈ వారమే ఇచ్చాం, నాలుగేళ్లు ఆలస్యంగా. మీరు అంతదాకా ఆగకండి.