హబీబ్ సార్ తెలుగు

బోధన్ నుండి వచ్చిన కార్డు మంగళవారం మధ్యాహ్నం నా చేతికి అందింది. అయిదారు పంక్తుల ఉత్తరం. అలవాటు కొద్దీ ముందు దస్తూరి చూశాను, తరువాత ఒత్తులూ దీర్ఘాలూ చూశాను. మా ప్రాంతపు పలుకుబడిలోనే ఉంది గాని అక్షరదోషం ఒక్కటి లేదు. ఆ తరువాతే భావం బుద్ధికి ఎక్కింది. "అబ్బా శుక్రవారం తెల్లారంగ పోయిండ్రు చాచా. జుమ్మా నమాజు అయినంక మట్టి చేసినం. మీకు కార్డు రాయుమని, తెలుగులనే రాయుమని ముందే చెప్పి పెట్టిండ్రు" అని హబీబ్ సార్ కుమార్తె నస్రీన్ రాసింది. కార్డు పట్టుకొని గడప మీద కూర్చుని మళ్లీ మొదటి నుండి చదివాను.

మరణవార్తలో కూడా తప్పులు వెదికే కన్ను నాది. ఇరవై ఏళ్ల పాటు తెలుగు పండితుడినై ఎర్రసిరా కలం పట్టిన ఫలితమది. ఆ కన్ను ఒకనాడు ఆ మహనీయునికి ఎంతటి అపకారం చేసిందో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన గుణగణాలను కీర్తించడానికి నాకంటే యోగ్యులైన శిష్యులు వందలమంది ఉన్నారు. ఈ ఒక్క సంగతి మాత్రం నేను తప్ప మరొకరు చెప్పలేరు.

హబీబుద్దీన్ గారు బోధన్‌లో నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలోనే గణితోపాధ్యాయులు. తండ్రి దర్జీ. బట్ట మీద సుద్దతో గీత గీయడం చూస్తూ పెరిగినందువల్లనేమో, ఆయన నల్లబల్ల మీద ఉట్టి చేత్తో వృత్తం గీస్తే వృత్తలేఖిని పెట్టి చూసినా వంక దొరికేది కాదు. తాను ఉర్దూలో చదువుకొని, ఉర్దూలోనే పదిహేనేళ్లు రేఖాగణితం బోధించారు. పై తరగతి లెక్కలంటే ఊళ్లో అందరికీ ఆయన పేరే గుర్తుకు వచ్చేది.

చెరకు ఆడే కాలంలో ఫ్యాక్టరీకి పోయే బండ్లు మా బడి ముందు బారులు తీరేవి. పిల్లల చూపులన్నీ కిటికీలోంచి గడల మీదికి పోయేవి. మేమందరం కిటికీలు మూయించేవాళ్లం. హబీబ్ సార్ మాత్రం తలుపు తెరిచి, "పొండ్రి. బండి మీద చెరుకు ఏ ఆకారంల పేర్చిండ్రో చూసొచ్చి గీయుండ్రి" అనేవారు. పిల్లలు చెరకు నములుకుంటూ తిరిగివచ్చి సమలంబ చతుర్భుజం గీసేవారు. గడ ఎక్కడిదని ఆయన అడగ్గా నేను వినలేదు.

యాభై ఆరులో రాష్ట్రం మారింది. ఆ వెంట బడిలో బోధనాభాష కూడా కింది తరగతుల నుండి ఒక్కొక్క మెట్టే తెలుగులోకి మారుతూ వచ్చింది. ఆ మార్పుతో పాటు నేను ఆ బడికి వచ్చాను. ఇక్కడ నా మనసులోని మురికి కూడా చెప్పుకోవాలి. నేను పుట్టింది నిజామాబాద్‌లో, చదివింది ఉర్దూ బడిలో. 'జ' లాంటి ఒకే ధ్వనికి ఆ భాషలో ఉన్న నాలుగు అక్షరాలనూ కలగాపులగం చేసి, ఎన్నోసార్లు బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఇక మా రోజులు వచ్చాయనుకున్నాను. ఉర్దూలో పండిపోయిన ఉపాధ్యాయులు 'ణ' ఎట్లా రాయాలని నన్ను అడుగుతుంటే పైకి వినయంగానే చెప్పినా, లోపల ఎంత సంతోషించానో నాకు తెలుసు.

అందరిలో మొదట వచ్చి అడిగింది హబీబ్ సారే. నలభై దాటిన వయసులో, రెండు కాపీ పుస్తకాలు చంకన పెట్టుకొని ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చారు. "పండిత్‌జీ, నన్ను ఒకటో తరగతిల కూసోబెట్టుండ్రి. పాస్ అయ్యేదాక పైకి తోలకుండ్రి" అన్నారు. నాకు ఉర్దూ తెలిసినా, ఆనాటి నుండి నాతో ఆయన ఉర్దూ మాట్లాడలేదు. మాట దొరకక తడబడినా సరే, తెలుగులోనే తడబడేవారు.

ఆ తడబాట్లు మా ఉపాధ్యాయుల గదిలో వినోదమయ్యాయి. లంబకోణం అన్న మాట వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. ఉర్దూలో లంబా అంటే పొడుగు కదా. ఆయన చాలాసేపు ఆలోచించి, "పండిత్‌జీ, తొంబై డిగ్రీలకే లంబా అని పేరు పెడితే నూట ఇరవై డిగ్రీలదేం పాపం చేసింది? అది దీనికన్న లంబా గదా" అని అడిగారు. ఈ మాటను నేను పది చోట్ల చెప్పి నవ్వించాను. ఆయన దాన్ని తన తరగతిలో తానే చెప్పి నవ్వించారని, ఆ తరువాత ఆ తరగతిలో లంబకోణం మరచిపోయినవాడు లేడని చాలా కాలానికి తెలిసింది.

ఆయన చేసే మరో పని నాకు అసలు రుచించేది కాదు. నేను ఎర్రసిరాతో దిద్ది ఇచ్చిన కాపీ పుస్తకాన్ని సోమవారం తరగతికి తీసుకుపోయి, విద్యార్థులకు విప్పి చూపించేవారు. "మీ సార్‌కు ఈ వారం ముప్పై తప్పులొచ్చినయి. పోయిన వారం నలబై. ఇగ మీ తప్పులు తియ్యుండ్రి, చూద్దాం" అనేవారు. ఉపాధ్యాయుడికి గౌరవభంగం కాదా అని నేను ఒకసారి మందలించాను. "నేర్సుకునేటోని బుక్కు మరీ సాఫ్‌గ ఉంటే నాకు డౌటొస్తది పండిత్‌జీ" అని ఊరుకున్నారు. ఆయన తరగతిలో తప్పు పడిన పలకను, పుస్తకాన్ని ఎవరూ చేయి అడ్డం పెట్టి దాచుకునేవారు కాదు. మా తరగతులలో అందరూ దాచుకునేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో తరగతిలో గంగామణి అనే అమ్మాయి ఉండేది. ఎడపల్లి నుండి నడిచి వచ్చేది. తండ్రి చెరకు తోటల్లో కూలి. ఆ అమ్మాయి మొదటి రోజే లేచి, "నాకు లెక్కలు రావు సార్" అన్నదట. "రావు కాదు బేటీ. రాలే. రాలే అను" అన్నారట హబీబ్ సార్. అది ఆయన అందరితోనూ అనిపించే మాట. రాదు అన్న మాట ఆయన తెలుగులో లేదు. ఎవరు ఏది రాదన్నా 'రాలే' అని దిద్దేవారు. ఉర్దూ నుండి వచ్చిన మనిషికి కాలభేదం తెలియక రెండింటినీ కలిపేస్తున్నాడని నేను తీర్మానించుకున్నాను.

ఆదివారం నాతో దిద్దించుకునే వ్యాసంలో కూడా ఆయన "నాకు తెలుగు రాలేదు" అని రాసుకొచ్చారు. నేను కొట్టివేసి పైన "రాదు" అని దిద్దాను. మరుసటి వారం మళ్లీ "రాలేదు" అని రాసుకొచ్చారు. మళ్లీ కొట్టివేశాను. మూడోసారి విసుగు వచ్చి, "సాబ్, ఇది భూతకాలం. మీకు భాష తెలియదని చెప్పదలిస్తే ఇట్లా రాయరు" అన్నాను.

"భూతకాలమే గద పండిత్‌జీ. నిన్నటి దాక రాలే. రేపటి సంగతి నేనెట్ల రాస్త?" అన్నారు.

వ్యాకరణానికి ఇటువంటి తర్కం పనికిరాదని నవ్వేశాను. వ్యాకరణం ఎరిగినవాడిని నేనేనన్న ధీమా. ఒక బోధకుడు తన జీవితంలో నేర్పదగిన అతి ముఖ్యమైన విషయాన్ని ఆయన ఒక్క క్రియాపదంలో పెట్టి నా ముందుంచితే, నేను దాన్ని దోషమని ఎర్రసిరాతో కొట్టివేశాను.

ఆ వేసవికి ముందు ప్రధానోపాధ్యాయులు నన్ను ఒంటరిగా పిలిచారు. జూన్ నుండి పై తరగతులు కూడా తెలుగులోనే నడవాలి. హబీబ్ సార్ ఆ తరగతులకు తెలుగులో లెక్కలు చెప్పగలరా, భాష విషయం కాబట్టి పండితులు మీరే రాసి ఇవ్వండి అన్నారు. నేను ఆయన తరగతిలో ఒక్కనాడూ వెనక బెంచీ మీద కూర్చుని వినలేదు. విని రాస్తానని అడగనూ లేదు. అక్కడే నిలబడి, ఒక చీటీ మీద "వారికి తెలుగు రాదు" అని రాసి సంతకం పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. గది బయటికి వస్తుంటే మనసుకు ఎంతో హాయిగా ఉండిందని కూడా ఒప్పుకుంటున్నాను.

జూన్‌లో హబీబ్ సార్‌ను సిరికొండ వైపు గుట్టల మధ్య ఒక చిన్న బడికి పంపించారు. పై తరగతుల లెక్కలు చెప్పిన చేతులు ఎక్కాలు చెప్పుకోవలసి వచ్చింది. భార్యాబిడ్డలు బోధన్‌లో, తాను అడవి పక్కన. ఉత్తర్వు వచ్చిన వారం కూడా ఆదివారం ఉదయం కాపీ పుస్తకంతో మా ఇంటికి వచ్చారు. "అక్కడ గాలి మంచిగుంటదంట పండిత్‌జీ" అన్నారు. నేను తలెత్తకుండా ణత్వాలు దిద్ది ఇచ్చాను. ఆ తరువాత ఆరేళ్లు, నేను బోధన్ విడిచి వచ్చేదాకా, ఇంటికి వచ్చిన ప్రతి ఆదివారం నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. మూడో ఏట శాఖవారి తెలుగు పరీక్ష ప్యాసై, ముందుగా నాకే మిఠాయి తెచ్చి పెట్టారు. అప్పటికి బోధన్‌లో ఆయన స్థానంలో మరొకరు కుదురుకున్నారు. ఉద్యోగవిరమణ ఆ గుట్టల మధ్యనే జరిగింది. చెప్పేద్దామని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం వచ్చేవారానికి వాయిదా వేసేవాణ్ణి.

కొన్నేళ్ల క్రితం నిజామాబాద్‌లో ఒక వాడకట్టులో పోతుంటే, గడప ముందు చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న స్త్రీ లేచి దండం పెట్టింది. గంగామణి. హబీబ్ సార్ బదిలీ అయిన ఏడాదే లెక్కల్లో తప్పి చదువు మానేసిందట. "సార్ ఉంటే నాకు లెక్కలొస్తుండె సార్" అన్నది. మళ్లీ కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుని, "రాలే అను, రాలే అను అనెటోడు. ఆ మాట కోసమే ఎడపల్లి నుంచి నడిచొస్తుంటి. కొత్త సార్ మొదటి దినమే నీకు రాదు కూసో అన్నడు. నిజమే గావచ్చు అనుకున్న" అన్నది. ఆకు కత్తిరించడం ఆపకుండానే చెప్పింది. నేను రాసిన మూడు మాటల చీటీ ఎంత దూరం పోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

కార్డు అందిన మరునాడు బోధన్ వెళ్లాను. పరామర్శకు వచ్చినవాళ్లు ఇంకా వస్తూ పోతూ ఉన్నారు. జనం పలచబడ్డాక నస్రీన్‌ను పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పని ఆ చీటీ సంగతి చెప్పాను. తండ్రికి చెప్పలేకపోయాను, కనీసం బిడ్డ అయినా నన్ను తిట్టాలని వచ్చానన్నాను. ఆమె కొంగు సర్దుకుంది.

"అబ్బాకు ఎరుకే చాచా" అన్నది. "హెడ్మాస్టర్ ఆ దినమే చీటీ ముందట పెట్టిండంట. ఇంటికొచ్చి అమ్మీతోని, 'ఇయ్యాల ఒక తెలుగు కాయితం నేనే సొంతంగ చదివిన. ఎవర్నీ అడగలే. సంతకం గూడ చదివిన' అని మస్తు ఖుషీగ చెప్పిండ్రు. ఏం రాసుందని అమ్మీ అడిగితే మాట మార్చిండ్రు. నేను పెద్దగైనంక నాకు ఒక్కదానికే చెప్పిండ్రు. మీతోని అనొద్దన్నరు. తెలిస్తే పండిత్‌జీ నా ముందట కూసోనీకి సిగ్గుపడ్తరు, నా చదువు ఆగుతది అన్నరు."

ఆరేళ్ల ఆదివారాలు నేను ఆయనకు పాఠం చెబుతున్నాననుకున్నాను. ఆయన మాత్రం అన్నాళ్లూ నా ముఖాన మచ్చ నాకు కనబడకుండా కాపాడుతూ, నా ఎదురుగా చాప మీద కూర్చుని, నేను చెప్పినట్లే అక్షరాలు దిద్దుకున్నారు. అటువంటి గురువు ఎదుట ఉండగా నేను ఏమీ నేర్చుకోలేదు. క్షమించమని అడగడం కూడా నేర్చుకోలేదు. ఇక ఎవరి ముందు నేర్చుకోవాలో తెలియదు. హబీబ్ సార్‌కు, ఆలస్యంగా, ఆయన శిష్యుడి నమస్కారం.