ఈకలు రాలిన రాజు

"ఈకలు మొలిచాక మళ్ళీ కనపడు, రాజా!" అంది టీచరమ్మ.

"అలాగే, మహారాజా!" అన్నాను. అదే మా ఆఖరి మాట.

బహ్రెయిన్‌లో ఇంటిపని చేసే రోజుల్లో నాకు రొమ్ములో గడ్డ తేలింది. సల్మానియా ఆసుపత్రిలో రెండో ఇంజెక్షన్‌కే జుట్టంతా ఊడిపోయింది. మావారు పోయినప్పుడు కూడా నా జడ జోలికి ఎవర్నీ రానివ్వలేదు నేను. ఇక మందూ మాకూ వద్దు, ఇంటికి పోతానని ఆడవాళ్ళ గదిలో కూర్చుని ఏడుస్తున్నాను.

పక్కన నల్ల ముసుగులో ఒక ముసలామె, ఆ ఊరి బళ్ళో పాఠాలు చెప్పిన టీచరు. వచ్చీరాని హిందీలో, "ఏడుపు ఖలాస్! కథ విను" అంది. వెనకటికి గ్రీకు దేశంలో ఒక నవ్వుల నాటకం ఆడారట. అందులో ఒక రాజు, తల మీద కుచ్చుండే కూకుడుగువ్వగా మారిపోతాడు. వేషగాడికి ఇంత పొడుగు ముక్కుంది గానీ ఒంటి మీద ఈకల్లేవు. జనం నవ్వితే, చలికాలం పిట్టలకి ఈకలు రాలతాయని, మళ్ళీ మొలుస్తాయని సిగ్గుపడకుండా చెప్పాడట.

అలా చెబుతూనే ముసుగు తీసేసింది. నున్నటి గుండు! ఆ ముసుగు కింద బారెడు జుట్టుందనుకుని ఇంతసేపూ కుళ్ళుకున్నాను నేను. పరాయి మగవాడికి వెంట్రుక కూడా చూపించని మనిషి నాకు గుండు చూపించి నవ్వింది. ఎంత గుండె కావాలి!

నర్సు నా పేరు పిలిచింది. మొదట చెప్పిన ఆ రెండు మాటలూ ఒకరికొకరం అనుకున్నాక, ఇంటికి పోకుండా ఇంజెక్షన్‌కే లోపలికి నడిచాను.

ఇప్పుడు జడ మళ్ళీ చేతికందుతోంది. ఒసే మేనకోడలా, కలం ఆపి, ఆ రాజుకి ఈకలు రాలిన కాడి నుంచి ఒకసారి చదివి వినిపించు.