కాశయ్య చదవని వార్త

గంజాం ఒడ్డున ఆ తెలుగు జాలరిపేటలో అందరూ ఒడియా మాట్లాడతారు గాని, చదవడం ఒక్క కాశయ్యకే వచ్చు. పొద్దున్నే వలలు బాగుచేసేవాళ్ల మధ్య చతికిలబడి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒడియా పేపరును తెలుగులో వినిపిస్తాడు. రెండు ముక్కల వార్త అతని నోట పడితే పెళ్లి ఊరేగింపంత పొడుగవుతుంది. ఆ వారమంతా ఎమ్మెల్యే బరంపురం శివారు అంకులిలో పెట్టిన రెండో కాపురం గురించే. ఆవిడ చీర రంగు పేపరువాళ్లు రాయలేదు, కాశయ్యే చెప్పాడు.

"సిగ్గునేనోడు. ఈడికి మల్లీ ఓటెయ్యను," అని ముత్యాలమ్మ ఉమ్మేసింది. కాశయ్య పేజీ తిప్పగానే వేలు పెట్టి ఆపింది. "ఇదేటి మావా, మన గట్టు బొమ్మలాగుంది?"

పేటను సముద్రం నుంచి కాసే రాతిగట్టే అది. సిమెంటు సొమ్ము ఎమ్మెల్యే తినేశాడని, వస్తున్న వాయుగుండానికి గట్టు నిలవదని కింద రాసుంది. కాశయ్య అంతా లోలోపలే చదువుకున్నాడు. తలెత్తితే అందరి మొహాల్లో ఇంకా నవ్వు ఆరలేదు.

"ఏటీ నేదే. కంట్రాక్టు గొడవ. అందరూ తినీదే కదా."

"అయితే ఆ అంకులి దాని సంగతి సెప్పు."

చెప్పాడు. సాయంత్రానికి తూర్పుగాలి ముదిరింది. ముత్యాలమ్మ తడిసిన చీరతో పరుగున వచ్చింది.

"మావా, గట్టు రాళ్లు కదలతన్నాయి. పేపర్లో దీని గురించి ఏటీ రాయనేదా?"

"నేదు," అన్నాడు కాశయ్య.