అవ్వ చెప్పిన సినిమా సాక్ష్యం

ఎండుమిరప ఘాటు సోకితే ఎవరికైనా తుమ్ములొస్తాయి. నాకు మాత్రం కోపం వస్తుంది. మొన్న మహబూబాబాద్ మార్కెట్ పక్కగా ఆటోలో వస్తుంటే, గుట్టలు పోసిన మిరపకాయల వాసనకు నాకు పదేళ్లప్పటి మా ఊరు గార్ల కళ్లముందుకొచ్చింది.

మా నాయినమ్మను ఇంటిల్లిపాదీ అవ్వా అనే పిలిచేవాళ్లం. చలి వెనకబట్టి ఎండ చురుక్కుమనే రోజుల్లో, వారమంతా మిరప ఏరి చేతులు మండించుకున్న అవ్వ, శనివారం పగటిపూట వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, వేయించిన పల్లీలు కొంగున కట్టుకుని, నన్ను వీడియో హాలుకు తీసుకుపోయేది. హాలంటే మిరప కల్లాల పక్కన రేకుల షెడ్డు. గోనెపట్టాల మీద, బీడీ పొగలో, తుమ్ముకుంటూ సినిమా చూసేవాళ్లం.

ఆ రోజు సినిమాలో ఒక జీతగాడున్నాడు. దొర ఇంట్లో అందరిదీ పుస్తకాల భాష, వాడొక్కడిదే మా భాష. వాడు నోరు తెరిస్తే చాలు, షెడ్డంతా పడిపడి నవ్వింది. మా మాటకు మేమే నవ్వుకున్నాం. చివరికి దొరకొడుకు మీదికొచ్చిన కత్తికి వాడు అడ్డంపడి చచ్చిపోతే, కథానాయకుడైన ఆ దొరకొడుకు కాసేపు కూడా ఆగకుండా పాటకు పోయాడు. అవ్వ మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

"సూసినవా బిడ్డా, అందరు గాయిన్ని సూసి నవ్విండ్రు. గాయిననే అందరి కోసం సచ్చిండు. ఏసయ్యకు గూడ గిట్లనే జేసిండ్రు గదా," అంది దారిలో.

మరునాడు చర్చిలో, ఎవరైనా లేచి దేవుడి గురించి చెప్పుకునే సాక్ష్యాల వేళ అవ్వ లేచి అదే మాట చెప్పింది. పాస్టరుగారి మొహం ఎర్రబడింది.

"ప్రభువును జోకరుతో పోలుస్తావా? సినిమాకు పోవడమే పాపం. ఎవరితో వెళ్లావు?"

అవ్వ నా వైపు చూడనైనా లేదు. "నేనొక్కదాన్నే పోయిన అయ్యగారూ. సదువు రానిదాన్ని. నాకు ఏసయ్య గాయినలనే కనవడ్డడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సంఘపెద్ద అయిన మా నాయిన తల దించుకున్నాడు. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. ఆ పిరికితనం మీద ఇప్పటికీ నాకు కోపమే. మూడు నెలలు అవ్వకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వలేదు, లోపలికి రానివ్వలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చి గడప బయట, చెప్పుల దగ్గర కూర్చుంది. చనిపోయేదాకా మళ్లీ సాక్ష్యానికి లేవలేదు.

పోయిన క్రిస్మస్‌కు అదే చర్చికి వెళ్లాను. కొత్తగా వచ్చిన పాస్టరు పెద్ద తెరమీద ఒక సినిమా ముక్క వేసి, యజమాని కోసం చచ్చిపోయే నౌకరులో క్రీస్తును చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఈ మాట మా అవ్వ ఇక్కడే చెప్పింది. మీరు ఆమెను గడప బయట కూర్చోబెట్టారు."

పక్కనున్న ముసలామె నా కొంగు లాగింది. "ఎప్పటిదో ముచ్చట, ఇడిసిపెట్టు బిడ్డా."

విడిచిపెట్టను. వీడియో హాలు చోట ఎరువుల దుకాణం వచ్చింది, పోనీ. కానీ ఆరాధనలో సాక్ష్యాల వేళనే తీసేశారు. మిరప ఏరి వచ్చిన ఏ ఆడమనిషీ ఇప్పుడు లేచి, దేవుడు తనకు ఎక్కడ కనబడ్డాడో చెప్పే వీలు లేదు. మైకు ఒక్కరి చేతిలోనే ఉంటుంది.